మొదటి కాపు తాలు

గతవారం మనం నాలుగు పళ్లేల మీద తడిబట్టలు కప్పి, హాలు తలుపు వేసి వచ్చేశాం. ఆ బట్టల కింద నానుతున్నవి గింజలే కాదు, ఒక తగాదా కూడా.

లైబ్రరీ మేడమీది హాల్లో నెలకోసారి తోటలవాళ్లు చేరి గింజలూ, అంట్లూ మార్చుకుంటారు. ఈ మార్పిడిని ఇంటర్నెట్టులోకి తీసుకెళదామని ప్రతిపాదించింది ల్యాబు పిన్ని. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఆవిడకి రుజువు లేని మాట నాలుకకి అంటదు. అందుకు సైటు తయారుచేసిన ఆవిడ అక్క కూతురికి హాల్లో అందరూ కలిసి ‘సైటమ్మాయి’ అని పేరు పెట్టేశారు. అడ్డం తిరిగింది తాళాల మాస్టారు. తాళాల పని పదిమందికి నేర్పి మాస్టారైన ఆయనే ఈ హాలుకి ఆద్యుడు. తాళంచెవి ఉండేదీ ఆయన జేబులోనే.

“గింజ చేతినుంచి చేతికే వెళ్లాలి. హస్తవాసి అనేదొకటి ఏడిచింది” అన్నారాయన.

“ఉంటే మొలకల్లో కనబడాలి కదా మాస్టారూ! చూద్దాం” అంది పిన్ని.

పరీక్ష పెట్టారు. మాస్టారి చిక్కుడు గింజలు కొన్ని, బేకరీ ఆయన బెండగింజలు కొన్ని తీసుకున్నారు. రెండిట్లోనూ సగం మాస్టారి చేతినుంచి పిన్ని చేతికి మారాయి. మిగతా సగం కవర్లలో పోస్టుకెక్కి, ఊళ్లు తిరిగి, ముద్రలు గుద్దించుకుని మళ్లీ ఈ హాలుకే చేరాయి. ఏ పళ్లెంలో ఏవున్నాయో పళ్లెం అడుగున రాశారు. మూత తీసేవాడికి తెలియకూడదు, తెలిస్తే కళ్లు మొగ్గు చూపుతాయి. చేతిగింజలు గెలిస్తే, ప్రయోగంగా నడుస్తున్న సైటు మూతపడుతుంది. గెలవకపోతే హాలు మార్పిడి కూడా అందులోకే వెళుతుంది.

“అదే జరిగితే ఈ తాళంచెవి బల్లమీద పెట్టి మెట్లు దిగిపోతాను. మళ్లీ ఎక్కను” అన్నారు మాస్టారు. ఆ మాట అన్నప్పటినుంచీ ఆయన ఒక చెయ్యి జేబులోనే ఉంది.

*

“మూత నేనే తీస్తాను. గుడ్డెత్తి పిండి పొంగిందో లేదో చూడటంలో నన్ను మించినవాడు ఊళ్లో లేడు” అన్నాడు బేకరీ ఆయన, చేతులు పొట్టమీద తుడుచుకుంటూ.

మొదటి పళ్లెం మీద బట్ట తీశాడు. బెండగింజలు నోళ్లు తెరుచుకుని, తెల్లటి తోకలు బయటికి చాచి ఉన్నాయి. రెండో పళ్లెం తీశాడు. అక్కడా అవే తోకలు. జనం మెడలు చాచి ఇటూ అటూ చూశారు. తేడా కనిపెట్టాలంటే రెండు పళ్లేల మధ్య పంచాయితీ పెట్టాల్సిందే.

పిన్ని రెండిటినీ పైకెత్తి అడుగున ఉన్న రాత చదివింది. “ఇది చేతిది. ఇది పోస్టుది.”

“అయితే మన పోస్టుమాన్‌ది కూడా మంచి హస్తవాసేనన్నమాట!” అంది దర్జీ ఆవిడ.

హాలంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. పిన్ని మాత్రం ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, “ఇంకా రెండున్నాయి” అంది. సగం ఫలితం చూసి పండగ చేసుకునేవాళ్లంటే ఆవిడకి చిరాకు, ఆ సగం తనవైపు ఉన్నా సరే.

మూడో పళ్లెం మీద బట్ట లేచింది. బేకరీ ఆయన ముక్కు ముడుచుకుంది. చిక్కుడు గింజలు ఉబ్బి, జిగటగా మెత్తబడి, తొక్క ఊడిపోయి పడున్నాయి. మొలక జాడే లేదు.

“ఇది పోస్టుది! ముద్ర గుద్దేటప్పుడు నలిగి చచ్చాయి పాపం!” అన్నాడు ఉత్సాహంగా.

నాలుగో బట్ట కూడా తీశాడు. అక్కడా అదే జిగట, అదే వాసన.

“ఇదీ పోస్టు...” అనబోయి ఆగిపోయాడు. రెండిట్లో ఒకటి చేతిది కాక తప్పదని ఆయన నోటికంటే ముందు ఆయన ముఖానికి తెలిసింది.

ప్రయోగాలతో ఒక చిక్కుంది. మనం అడిగిన ప్రశ్నకే అవి జవాబు చెబుతాయన్న హామీ లేదు. చెయ్యి గొప్పదా, పోస్టు గొప్పదా అని అడిగితే, బెండ ‘రెండూ ఒకటే’ అని బుద్ధిగా చెప్పింది. చిక్కుడు మాత్రం ఎవరూ అడగని సంగతి ఒకటి బయటపెట్టింది.

“దిష్టి తగిలింది” అంది దర్జీ ఆవిడ గొంతు తగ్గించి.

“పక్కనే ఉన్న బెండ పళ్లేల్ని ముట్టుకోకుండా చిక్కుళ్లనే వెతుక్కుందా వదినా? చాలా చదువుకున్న దిష్టే!” అంది పిన్ని.

అలా అంటూనే ఆవిడ మాస్టారి వైపు చూసింది. ఆయన పళ్లేల వైపు చూడటం లేదు. కిటికీలోంచి ఎదురింటి డాబామీద ఆరేసిన దుప్పటిని చూస్తున్నారు. రిపోర్టు కవరు విప్పకముందే లోపలేముందో తెలిసిన రోగుల ముఖాలు పిన్నికి కొత్త కాదు. తలుపు దగ్గర నిలబడి, కవరు చేతికిచ్చినా విప్పకుండా, “వస్తానమ్మా” అని వెళ్లిపోయే ముఖాలవి.

“అందరూ కిందకెళ్లి టీ తాగి రండి. ఈలోగా ఈ పళ్లేలు కడిగేస్తాను” అంది.

“మరి తీర్పు? ఎవరు గెలిచినట్టు?” అన్నాడు బేకరీ ఆయన.

“టీ గెలిచింది. వచ్చేటప్పుడు మీ బన్నులు కూడా పట్టుకురండి.”

బన్నుల మాట ఎత్తాక ఆయన ఆగడని పిన్నికి తెలుసు. మెట్లమీద చెప్పుల చప్పుడు సద్దుమణిగింది. హాల్లో ముగ్గురు మిగిలారు. పిన్నీ, కంప్యూటరు ముందు సైటమ్మాయీ, కిటికీ దగ్గర మాస్టారూ. మాస్టారే వెళ్లి తలుపు వేసి లోపల గడియ పెట్టారు.

*

“మొలవవని మీకు ముందే తెలుసు కదా?” అంది పిన్ని.

“తెలుసని ఎవరన్నారు?”

“మీరే అన్నారు. నోటితో కాదు.”

మాస్టారు బెంచీమీద కూర్చున్నారు. చాలాసేపు తాళంచెవితో బల్ల అంచుమీద గీతలు గీశారు. పాతబడ్డ బల్ల, కొత్త గీతలు ఓ లెక్క కాదు.

“వానలు పడగానే పాతాను. రాలేదు. పురుగు కొట్టిందనుకుని మళ్లీ పాతాను. రాలేదు. మా పెరట్లో ఈ ఏడు ఉత్త పందిరే మిగిలిందమ్మా. కర్రలు నిలబడ్డాయి. తీగలేదు.”

“మరి పరీక్షకి అవే గింజలు ఎందుకిచ్చారు? వేరేవి ఇస్తే ఎవరు కనిపెట్టేవాళ్లు?” అని అడిగింది సైటమ్మాయి.

“నా హస్తవాసి పోయిందనుకున్నాను. మీ పిన్ని చేతిలో ఒక్కటైనా మొలుస్తుందేమోనని ఆశపడ్డాను.”

హస్తవాసి లేదని నిరూపించడానికి పెట్టిన పరీక్షలోకి మాస్టారు తన హస్తవాసినే నమ్మి వచ్చారన్న సంగతి ఆవిడ లెక్కల్లో లేదు. కానీ జాలిపడి ఊరుకోవడం ఆవిడ వృత్తిధర్మం కాదు. కారణం తెలియాలి.

“ఎక్కడ దాచారు వీటిని?”

“ఇనప్పెట్టెలో.”

“ఏ ఇనప్పెట్టెలో?”

“మా షాపులో ఉంది కదా, జంట తాళాలది. అది తెరవడం నాకు తప్ప ఇంకెవడికీ చేతకాదు. దొంగ కాదు కదా, చీమ కూడా దూరదు.”

“అది ఏ గోడకుంది మాస్టారూ?”

“పడమటి గోడకి.”

పిన్ని కళ్లు మూసుకుంది. రేకుల కప్పు, పడమటి గోడ, దానికి ఆనించిన ఇనప్పెట్టె. మధ్యాహ్నం నుంచి పొద్దు కుంకేదాకా కాలే పెట్టె. “వేసవంతా?”

“వేసవంతా.”

“అంతకుముందు?”

“ఇంట్లో గూట్లో, డబ్బాలో ఉండేవి. మా ఆవిడ చూసుకునేది. ఈ సైటు గోల మొదలైనప్పుడు నాకు భయమేసింది. నా దగ్గరేముందో లోకమంతా చదువుతుంది, ఎవడో ఒకడు వచ్చి ఎత్తుకుపోతాడు అనుకున్నాను. డబ్బా తీసుకెళ్లి పెట్టెలో పెట్టి తాళమేశాను.”

“గింజ నగ కాదు మాస్టారూ. అది నిద్రపోతున్న ప్రాణి. దానికీ సన్నగా ఊపిరాడుతూనే ఉంటుంది. చల్లగా, పొడిగా ఉంచితే ఏళ్లతరబడి నిద్రపోతుంది. కాలే ఇనుములో పెడితే నిద్రలోనే పోతుంది. మీ చేతికేం రోగం రాలేదు. మీ తాళమే మరీ గట్టిది.”

మాస్టారు తల ఎత్తారు. తన చెయ్యి మంచిదేనన్న మాటకి ఊరట పొందాలో, గింజల్ని తనే చంపుకున్నానన్న మాటకి కుమిలిపోవాలో తేల్చుకోలేని ముఖం.

సైటమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఫరవాలేదు మాస్టారూ! ఇన్నేళ్లుగా ఎంతమందికిచ్చుంటారు? ఒకరి దగ్గరైనా ఉంటాయి కదా. మేం దాన్ని బ్యాకప్ అంటాం.”

“అవును! ఈ హాల్లోనే సగం మందికిచ్చాను.” మాస్టారి వెన్ను నిటారైంది. “మీ పిన్నికీ ఇచ్చాను.”

“నేను పీకేశాను” అంది పిన్ని.

“ఏంటీ?”

“పందిరి నిండా పూసింది. కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడాయి. విప్పితే లోపల గింజే లేదు. అన్నీ తాలు. ఇంకేం చెయ్యను? పీకేసి బీర పెట్టుకున్నాను. మీ ముందు చెప్పలేకపోయాను. దర్జీ వదినా పీకేసింది. బేకరీ ఆయనా పీకేశాడు.”

“వాడా? వాడు ప్రతి ఏడూ ‘మాస్టారూ, మీ చిక్కుడు వెన్నలా ఉందండీ’ అంటాడే!”

“మీ ముందు అంటాడు. ఇంట్లో ఆయన తినేది బన్నే.”

మాస్టారు బెంచీమీంచి లేచి నిలబడ్డారు. “పీకేశారా! బంగారంలాంటి తీగని చేజేతులా పీకేశారా! మొదటి కాపు తాలేనమ్మా! అది దాని స్వభావం. ఓపిక పట్టి నీళ్లు పోస్తే రెండో కాపుకి గంపలు చాలవు. ఆమాత్రం తెలియదా?”

“ఆ మాట మాకెవరు చెప్పారు మాస్టారూ?”

ముగ్గురి చూపులూ ఒకేసారి తలుపు పైకి వెళ్లాయి. హాలు పెట్టిన కొత్తల్లో మాస్టారు స్వయంగా నీలిరంగుతో రాసిన వాక్యం అక్కడుంది: ‘లోపం చెప్పనిదే గింజ చెయ్యి మారరాదు.’

ఈ హాలుకున్న ఒకే ఒక్క చట్టం అది. పొట్లం ఇచ్చేవాడు ఆ మొక్క లోపం ఒకటి పుచ్చుకునేవాడికి చెప్పి తీరాలి. బెండకి ముల్లెక్కువ, టమాటా పగులుతుంది, మల్లెకి పేను పడుతుంది. పొగడ్త ఎవడైనా చెబుతాడు, తోట నిలిచేది లోపం తెలిసినవాడి దగ్గర అని మాస్టారే కొత్తవాళ్లకి పాఠం చెప్పేవారు. పాఠం చెప్పేవాళ్లకి పరీక్ష పెట్టేవాళ్లు ఎక్కడా ఉండరు కనక ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు.

“మా మామగారు ఇచ్చిన చిక్కుడమ్మా అది” అన్నారు మాస్టారు, గొంతు దిగిపోయి. “దానికి నేను వంక పెడతానా?”

“మీ మామగారు పెట్టారు కదా?”

“పెట్టాడు. ఇద్దరు అల్లుళ్లనీ పందిరి కింద కూచోబెట్టి, మొదటి కాపు చూసి మొహం మాడ్చుకోవద్దు, రెండో కాపుకి గంప తెచ్చుకోండి అన్నాడు.”

“ఇద్దరు అల్లుళ్లా? రెండో ఆయన దగ్గర ఉండొచ్చు కదా!” అంది సైటమ్మాయి.

“వాడి మాట ఎత్తకు.”

“ఎందుకని?”

“మామగారి నిచ్చెన ఎవరిదన్న దగ్గర మాట పడింది. ఆ మాట ఇప్పటికీ లేవలేదు. నిచ్చెన వాడి దగ్గరుంది, మర్యాద నా దగ్గరుంది. వాడెక్కడున్నాడో కూడా నాకు తెలియదు.”

తోడల్లుళ్ల తగవుకి కారణం వెతికితే ఎప్పుడూ నిచ్చెనంత పొడవే ఉంటుంది. దాన్ని ఎక్కడం ఎవరి తరం కాదు. పిన్ని ఆ దారి వదిలేసి అక్క కూతురి వైపు తిరిగింది.

“సైటులో వెతికావా? పక్క ఊళ్లవాళ్లు కూడా పెడుతున్నారన్నావు.”

“వెతికాను పిన్నీ. ‘మాస్టారి చిక్కుడు’ అని కొడితే ఒక్కటీ రాలేదు.”

“రాదు. ఆ పేరు ఈ మెట్లు దిగితే చెల్లదు.”

ఆ మాట నిజం. ఈ లోకంలో గింజకి సొంత పేరు నిలవదు. ఇచ్చినవాడి పేరే దాని పేరవుతుంది. బేకరీ ఆయన బెండ దర్జీ ఆవిడ పెరట్లో ‘బేకరీ బెండ’. ఆవిడ దగ్గర తీసుకున్నవాళ్ల ఇంట్లో అదే ‘దర్జీ బెండ’. చేతులు మారినప్పుడల్లా ఇంటిపేరు మారే గింజని పేరుతో పట్టుకోవడం, మీసం గుర్తు చెప్పి మనిషిని వెతకడం లాంటిది.

“పేరుతో వెతక్కు. లోపంతో వెతుకు” అంది పిన్ని.

సైటమ్మాయి ఒక్క క్షణం పిన్ని ముఖంలోకి చూసి చటుక్కున కీబోర్డు దగ్గరికి లాక్కుంది. సైటులో ‘లోపం’ అనే గడి ఒకటుంది. హాలు చట్టం సైటుకీ వర్తించాలని పిన్నే పట్టుబట్టి పెట్టించింది. ఆ గడి ఖాళీగా ఉంటే సైటు ముందుకి కదలదు. మొదట్లో జనం విసుక్కున్నారు. ‘లోపమేం లేదు, కొనేవాడి అదృష్టం’ అని రాసిన ఒకాయన్ని అది వెనక్కి పంపింది కూడా.

అమ్మాయి కొట్టింది: మొదటి కాపు తాలు.

తెర మీద చక్రం తిరిగింది. మాస్టారు తనకి తెలియకుండానే కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డారు.

ఒక్కటంటే ఒక్క ఫలితం వచ్చింది. అమ్మాయి గట్టిగా చదివింది.

“మొక్క: మామగారి చిక్కుడు. లోపం: మొదటి కాపు తాలు. మొహం మాడ్చుకోవద్దు, పీకెయ్యొద్దు. రెండో కాపుకి గంప తెచ్చుకోండి.”

మాస్టారి చెయ్యి కుర్చీ వీపుని పట్టుకుంది. “ఎవరి మామగారి చిక్కుడు?”

“పెట్టినవారు...” అమ్మాయి తెర కిందికి జరిపింది. “పెట్టినవారు: చిన్నల్లుడు.”

పిన్ని ఉద్వేగాన్ని అణుచుకుంది. ఒకే మాట రెండు నోళ్లలో ఉన్నంతమాత్రాన ఒకే గింజ అని తేలదు. మొలిపించి, పూయించి, రెండు కాపులూ చూడాలి. తొలిపూత వేళకి ఎండ ముదిరి పుప్పొడి చచ్చిపోవడం వల్ల కాయ తాలవుతుందేమోనని ఆవిడకి అప్పుడే ఒక ఊహ పుట్టింది. దాన్ని ఊహగానే పక్కన పెట్టుకుంది. అయినా ఆవిడ అంది: “ఇవే అయ్యుంటాయి మాస్టారూ. అడగండి.”

“నేనా? వాణ్ణా?”

“గింజలు కావాలా, మర్యాద కావాలా?”

మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు. ఓడిపోయి పెట్టలేదు. టైపు చెయ్యడానికి రెండు చేతులూ కావాలనుకున్నారు. కుర్చీలో కూర్చుని చూపుడువేలు చాచారు.

“ఎంత ఉంది వాడి దగ్గర?”

“ఒక్క పొట్లం. బదులుగా ఏం కావాలి అన్నచోట...” అమ్మాయికి నవ్వాగలేదు. “‘గింజలేమీ వద్దు. అడిగేవాళ్లు తమ లోపం ఒకటి రాస్తే చాలు’ అని పెట్టాడు.”

“వాడి బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదు!” అన్నారు మాస్టారు. అయినా వేలు వెనక్కి తీసుకోలేదు. చాలాసేపు గాల్లో ఆగి, ఒక అక్షరం నొక్కింది. ఇంకొకటి నొక్కింది. ఊళ్లో తాళాలన్నిటి లోపాలూ తెలిసిన మనిషికి సొంతది ఒకటి వెతుక్కోవడం కష్టంగానే ఉంది.

అంతలో తెర మారింది.

“అయ్యో! మాస్టారూ, ఆ పొట్లం ముందే ఇంకొకరు అడిగారు. ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు” అంది అమ్మాయి.

“ఎవరడిగారు?”

“అడిగినవారు: పెద్దమ్మాయి.”

మాస్టారు కదల్లేదు. మామగారింట్లో పెద్దమ్మాయి ఒక్కతే. ఈ ఉదయం ఆయనకి చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, ఖాళీ పందిరి కింద నిలబడి, “వెళ్లి రండి, అంతా మంచే జరుగుతుంది” అన్నది ఆవిడే.

“మా ఆవిడకి కంప్యూటరు రాదే!”

“ఫోన్లోంచి పెట్టింది.”

“ఏమని రాసింది... లోపం?”

అమ్మాయి పిన్ని వైపు చూసింది. చదువు అన్నట్టు పిన్ని తలాడించింది.

“‘అడగడం రాదు. ఈ లోపం నాది కాదు, మా ఆయనది’.”

మాస్టారి ముఖంలోకి ఏదో వచ్చింది. కోపమైతే కాదు. “దాని కింద ఇంకేదో ఉంది” అన్నారు, తెర మీదికి వంగి.

“అది చిన్నల్లుడి జవాబు. ‘లోపం నాకు తెలిసిందే, చెల్లుతుంది. పొట్లం పోస్టులో పంపను, చేతినుంచి చేతికే ఇస్తాను. ఇవాళే మీ హాలుకి వస్తున్నాను. రెండోది కూడా తెస్తున్నాను’.”

“రెండోది ఏంటి?” అంది పిన్ని.

జవాబు కింద మెట్లమీంచి వచ్చింది. ఏదో పొడవాటి కర్రవస్తువు మలుపులో గోడకి తగిలి, ఆగి, మళ్లీ పైకి గీరుకుంటూ వస్తోంది. వెనక బేకరీ ఆయన గొంతు: “పక్కకి వంచండి సార్, పక్కకి! ఆ చివర నేను పట్టుకుంటాను, బన్నులు జాగ్రత్త!”

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. మాస్టారు లేచి వెళ్లారు. తను రాసిన నీలి అక్షరాల కింద, తను పెట్టిన గడియ మీద చెయ్యేసి, ఎంతటి తాళాన్నైనా తెరిచే ఆ మనిషి అలాగే నిలబడిపోయారు.

“అన్నయ్యా” అంది తలుపు అవతలి గొంతు. “నిచ్చెన బరువుగా ఉంది. ముందు నువ్వొక మాట అను.”